డెబ్బై రెండేళ్ల దాత కాలేయం: ఒప్పుకునే ముందు ఏమేమి తూచాం

నెల్లూరులో కాలేయ వ్యాధుల ఓపీ చూసే వైద్యుడిని నేను. మార్పిడి ఆపరేషన్ నా పని కాదు. ఎవరికి మార్పిడి అవసరమో గుర్తించి పంపడం, పేరు నమోదయ్యాక పిలుపు వచ్చేదాకా మనిషిని నిలబెట్టడం, ఆపరేషన్ అయ్యాక తిరిగి వచ్చినవారిని ఏళ్ల తరబడి చూసుకోవడం నా పని. ఈ కేసులో నిర్ణయాల బరువంతా ఆపరేషన్‌కి ముందే పడింది. అందుకే శస్త్రచికిత్స గురించి తక్కువగా, దానికి ముందు వేసిన లెక్కల గురించి ఎక్కువగా రాస్తున్నాను. రోగిని ఎవరూ గుర్తుపట్టకుండా కొన్ని వివరాలు మార్చాను.

రోగి

ఆయనకు 54 ఏళ్లు. కావలికి తూర్పున, సముద్రానికి దగ్గర్లో ఊరు. వనామీ రొయ్యల సాగు. షుగర్ వచ్చి పద్నాలుగేళ్లయింది. కాళ్ల వాపు, పొట్ట ఉబ్బుతో వచ్చారు. కామెర్లేమోనని అంతకుముందు కొన్నాళ్లు పసరు మందు కూడా వాడారు. మద్యం అలవాటు లేదు. అయినా సిర్రోసిస్ (కాలేయం మచ్చలు కట్టి గట్టిపడే జబ్బు) అన్న మాట వినగానే చుట్టాలు ఆయన చాటుగా తాగేవాడని తేల్చేశారు. భార్య నన్ను అడిగిన మొదటి ప్రశ్న జబ్బు గురించి కాదు. "తాగకపోయినా ఇది వస్తుందని కాగితం మీద రాసిస్తారా డాక్టర్ గారూ?" అని అడిగారు. రాసిచ్చాను. షుగర్, పొట్ట చుట్టూ పేరుకున్న కొవ్వు, ఏళ్ల తరబడి కాలేయంలో చేరిన కొవ్వు కలిసి చేసిన పని ఇది. మా ఓపీలో ఇలాంటి సిర్రోసిస్‌ల వాటా ఏటేటా పెరుగుతోంది. ఇదే కొవ్వు దాతల ఎంపికలోనూ మాకు అడ్డుపడింది. ఆ సంగతి తర్వాత చెబుతాను.

మొదటి పరీక్షల్లో కామెర్లను చూపే బిలిరుబిన్ 2.4, రక్తం గడ్డకట్టడంలో ఆలస్యాన్ని చూపే ఐఎన్ఆర్ 1.6, మూత్రపిండాల పనితీరును చూపే క్రియాటినిన్ 1.1, ఆల్బుమిన్ 2.9, సోడియం 131, ప్లేట్‌లెట్లు 78,000. కాలేయ జబ్బు తీవ్రతను కొలిచే చైల్డ్ పగ్ లెక్కలో బి తరగతి, 8 పాయింట్లు. ఎక్కువయ్యేకొద్దీ ముప్పు ఎక్కువని చెప్పే మెల్డ్ స్కోరు 16. ఎండోస్కోపీలో అన్నవాహికలో ఉబ్బిన సిరలు కనిపిస్తే బ్యాండ్లు వేశాం. మందులతో పొట్టలో నీరు చాలావరకు తగ్గింది.

అంతవరకే అయితే మార్పిడికి అంత తొందర లేదనేవాడిని. కానీ మూడు దశల సీటీలో ఆరో సెగ్మెంట్‌లో 2.8 సెంటీమీటర్ల గడ్డ ఉంది. ధమని దశలో మెరిసింది, తర్వాతి దశలో చుట్టూ ఉన్న కాలేయం కంటే వెలిసిపోయింది. సిర్రోసిస్ ఉన్న కాలేయంలో ఈ తీరు కనిపిస్తే బయాప్సీ లేకుండానే కాలేయ క్యాన్సర్ అని నిర్ధారించవచ్చు. రక్తంలో కాలేయ క్యాన్సర్‌కి సూచికగా చూసే ఆల్ఫా ఫీటోప్రోటీన్ 62. ఈ క్యాన్సర్‌కి మార్పిడి చేయాలంటే ఒకే గడ్డ అయితే 5 సెంటీమీటర్లలోపు, లేదా మూడు గడ్డల దాకా ఉంటే ఒక్కొక్కటీ 3 సెంటీమీటర్లలోపు ఉండాలన్న మిలాన్ ప్రమాణాలు 1996 నుంచి వాడుకలో ఉన్నాయి. ఆయన వాటి లోపలే ఉన్నారు. గడ్డను మాత్రం కోసి తీసేద్దామంటే మిగిలిన కాలేయం తట్టుకోదు. మైక్రోవేవ్‌తో కాల్చి, మార్పిడికి జాబితాలో చేర్చాలని నిర్ణయించాం.

ఇక్కడే ఒక చిక్కు ఉంది. మెల్డ్ లెక్క బిలిరుబిన్‌ని, రక్తం గడ్డకట్టే తీరును, మూత్రపిండాలను చూస్తుంది, క్యాన్సర్‌ని చూడదు. మెల్డ్ 10 నుంచి 19 మధ్య ఉన్నవారిలో మూడు నెలల్లో మరణించేవారు సుమారు 6 శాతమని పాత లెక్కలు చెబుతాయి. ఆ అంకె చూస్తే ఈయన ఆగగలరు. గడ్డ ఆగదు. అది మిలాన్ హద్దు దాటిన రోజున మార్పిడి అన్న మాటే తలకిందులవుతుంది. ఇలాంటివారు జాబితాలో పైకి ఎక్కేంత జబ్బుగానూ ఉండరు, ఏళ్ల తరబడి ఎదురుచూసేంత తీరికా వారికి ఉండదు. వయసు మళ్లిన దాతల అవయవాల ప్రస్తావన ఎక్కువగా ఇలాంటివారి విషయంలోనే వస్తుంది.

ఇంట్లో దాతలు

మన దేశంలో కాలేయ మార్పిడుల్లో ఎక్కువ భాగం బతికున్న దాతలవే. కుటుంబ సభ్యులు కాలేయంలో కొంత భాగం ఇస్తారు. కాబట్టి మొదట ఇంట్లోనే వెతికాం. భార్య రక్తవర్గం కలవలేదు. కూతురు అప్పటికి నాలుగు నెలల బాలింత. ఆమె పేరు ఎత్తడానికే ఆయన ఒప్పుకోలేదు. కొడుకుకి 24 ఏళ్లు, వర్గం కలిసింది, ఆరోగ్యంగా ఉన్నాడు. సీటీలో కొలిస్తే అతని కాలేయం మొత్తం సుమారు 1,200 గ్రాములు. కుడి భాగం తీసుకుంటే అతనికి మిగిలేది 27 శాతమే. కనీసం 30 శాతం, వీలైతే 35 మిగలాలి. పోనీ ఎడమ భాగం తీసుకుందామంటే అది 324 గ్రాములు. నీరు తీసేశాక 78 కిలోలు తూగే తండ్రికి శరీర బరువులో 0.8 శాతం లెక్కన 620 గ్రాముల పైచిలుకు కావాలి. ఎటు చూసినా కుదరలేదు. ఆ అబ్బాయికి ఇది తన లోపం కాదని ఒకటికి రెండుసార్లు చెప్పవలసి వచ్చింది.

అప్పుడు ఒంగోలు దగ్గర ఉండే అన్నగారు వచ్చారు. ఆయనకు 61 ఏళ్లు. "అరవై ఒకటి కూడా ఒక వయసేనా డాక్టర్ గారూ? ఈ రోజుకీ బస్తా భుజాన వేసుకుంటాను. సగం కోసి మా తమ్ముడికి పెట్టండి" అన్నారు. అవయవ మార్పిడి చట్టం ప్రకారం అన్నదమ్ములు దగ్గరి బంధువులే. బతికున్న దాతకు 18 ఏళ్లు నిండాలంటుంది చట్టం, పైవయసుకు హద్దు పెట్టదు. ఆ హద్దు ఆసుపత్రులు పెట్టుకున్నది. మన దగ్గర చాలా కేంద్రాలు 50, 55 దగ్గర ఆగిపోతాయి.

ఆ కుటుంబానికి తర్వాత అన్నిటికంటే వింతగా తోచిన విషయం ఇదే. 61 ఏళ్ల అన్న కాలేయం వద్దని, 72 ఏళ్ల అపరిచితురాలి కాలేయానికి సరే అన్నాం. ఇందులో తిరకాసు లేదు. చనిపోయిన దాత నుంచి వచ్చేది పూర్తి కాలేయం. అది కొత్త ఒంట్లో పని మొదలుపెడితే చాలు. బతికున్న దాత ఇచ్చేది ముక్క. అది గ్రహీతలో పెరగాలి, దాతలో మిగిలిన ముక్కా పెరగాలి. వయసుతో కాలేయం కోల్పోయేది ముఖ్యంగా ఈ పెరిగే వేగాన్నే. సగం కాలేయం నెమ్మదిగా పెరిగితే గ్రహీతకు కామెర్లు తగ్గవు, పొట్టలో నీరు ఆగదు. దాతకూ అదే ముప్పు. కుడి భాగం దానం చేసినవారిలో మరణం ఐదు వందల మందిలో ఒకరి నుంచి రెండు వందల మందిలో ఒకరి దాకా ఉంటుందని సాధారణంగా చెబుతాం. అది కూడా ఎంచి ఎంచి తీసుకున్న ఆరోగ్యవంతుల లెక్క. జపాన్, కొరియాల్లో అరవై దాటిన బతికున్న దాతలతో మంచి ఫలితాలు సాధించినవారు ఉన్నారు. అక్కడ కాలేయంలో కొవ్వు ఎక్కువగా లేనివారినే ఎంచి తీసుకున్నారు. మన అన్నగారికి అల్ట్రాసౌండ్‌లో రెండో గ్రేడు కొవ్వు, ఫైబ్రోస్కాన్‌లో 9.2 కిలోపాస్కల్స్ గట్టిదనం తేలింది. దానం సంగతి అటుంచి, వైద్యం ఆయనకే అవసరమైంది.

అలా రాష్ట్ర మరణానంతర అవయవదాన పథకమైన జీవన్‌దాన్ జాబితాలో, విజయవాడ వైపున్న ఒక కేంద్రం ద్వారా, పేరు నమోదు చేశాం.

వయసు గురించి ముందే జరిగిన సంభాషణ

దాత వయసు గురించి అర్ధరాత్రి ఫోన్‌లో మాట్లాడటం నాకు నచ్చదు. పిలుపు వచ్చినప్పుడు కుటుంబానికి గంట సమయం కూడా ఉండదు. ఒక కొడుకు టికెట్ల కోసం, ఇంకొకరు డబ్బు కోసం పరుగెడుతుంటారు. అందుకే నమోదు చేసిన వారమే భార్యాభర్తలను, కొడుకును కూర్చోబెట్టి, అరవై దాటిన దాత కాలేయం వస్తే ఏమంటారో అడిగాను.

భార్య వెంటనే, "ముసలివాళ్ల లివర్ పెడితే మా ఆయన కూడా నాలుగేళ్లకే ముసలివాడైపోతాడా?" అన్నారు. న్యాయమైన ప్రశ్న. మూత్రపిండంలో వడపోత గదులు వయసుతో తగ్గిపోతాయి, మళ్లీ పుట్టవు. కాలేయ కణాలు జీవితమంతా మారుతూనే ఉంటాయి. మనిషి వయసు ఎంతైనా కాలేయ కణాల సగటు వయసు మూడేళ్లలోపేనని జర్మనీలోని డ్రెస్డెన్ పరిశోధకులు రేడియోకార్బన్ పద్ధతితో 2022లో చూపారు. అమెరికాలో 1990 నుంచి 2022 వరకు జరిగిన రెండున్నర లక్షల పైచిలుకు మార్పిడులను పరిశీలిస్తే, దాత శరీరంలో గడిపిన ఏళ్లూ గ్రహీతలో గడిపిన ఏళ్లూ కలిపి నూరు దాటిన కాలేయాలు 25 దొరికాయి. ఈ మాటలు విని ఆవిడ ముఖం తేటపడింది.

రెండో వైపు కూడా చెప్పకపోతే అది సమ్మతి కాదు, ఒప్పించడం అవుతుంది. కణాలు కొత్తవైనా రక్తనాళాలు పాతవే. వయసుతో కాలేయం కాస్త చిన్నదవుతుంది, దానికి అందే రక్తం తగ్గుతుంది, ధమని గోడల్లో సున్నం పేరుకుంటుంది. దాత నుంచి తీశాక గ్రహీతలో పెట్టేదాకా కాలేయాన్ని మంచులో ఉంచుతారు; ఆ సమయాన్ని పెద్ద వయసు కాలేయం చిన్న వయసుదానంత ఓర్చుకోదు. ఆ దెబ్బ ఎక్కువగా పిత్తనాళాల మీద పడుతుంది, ఎందుకంటే వాటికి రక్తం ధమని నుంచే అందుతుంది. అమెరికాలో 1998 నుంచి 2002 వరకు జరిగిన మార్పిడుల ఆధారంగా 2006లో దాత ప్రమాద సూచిక తయారైంది. అందులో 40 ఏళ్లలోపు దాతతో పోలిస్తే 70 దాటిన దాత కాలేయం విఫలమయ్యే ప్రమాదం 1.65 రెట్లు. ఈ అంకెను దాచలేదు. అయితే ఆ సూచికలో కాలేయంలోని కొవ్వు లేదు. ఆ రికార్డుల్లో అది సరిగ్గా నమోదు కాలేదు. మన జిల్లాల్లో ఆ సూచికను ఉన్నదున్నట్టు వాడటం మీద నాకున్న అభ్యంతరం అదే.

స్పెయిన్, ఇటలీలలో డెబ్బై, ఎనభై దాటిన దాతల కాలేయాలు మామూలుగా వాడుతున్నారని కొందరు సర్జన్లు ఉత్సాహంగా చెబుతారు. నిజమే. స్పెయిన్‌లో దాతల్లో సగానికి పైగా అరవై దాటినవారు. అక్కడ రోడ్డు ప్రమాదాలు తగ్గాయి, దాతలు ఎక్కువగా పక్షవాతంతో మరణించిన పెద్దవాళ్లు. వాళ్ల ఐసీయూల్లో దాత శరీరాన్ని కాపాడే పద్ధతి నిలదొక్కుకుంది. పది లక్షల జనాభాకు ఏటా నలభై ఐదు మందికి పైగా దాతలు దొరికే దేశం అది. మనకు పది లక్షలకు ఒకరు కూడా లేరు. 2023లో దేశం మొత్తం మీద మరణానంతర దాతలు సుమారు 1,100 మంది. మన దాతల్లో ద్విచక్ర వాహన ప్రమాదాల్లో మెదడు దెబ్బతిన్న యువకులు ఎక్కువ. కాబట్టి పెద్ద వయసు కాలేయాలతో మన సర్జన్లకు అలవాటు తక్కువ. యూరప్ ఫలితాలు ఇక్కడా వస్తాయని హామీ ఇవ్వడం తొందరపాటు. వాళ్ల పద్ధతి మాత్రం తీసుకోవచ్చు. పెద్ద వయసు కాలేయాన్ని ఒప్పుకుంటే మిగతా ప్రమాదాలేవీ దానికి తోడు కాకుండా చూస్తారు. కొవ్వు ఉండకూడదు, మంచులో ఎనిమిది గంటలు దాటకూడదు, గ్రహీత మరీ నీరసించి ఉండకూడదు.

మంచు సమయం గురించి చెబుతుండగా రోగి మధ్యలో అందుకున్నారు. "రొయ్య కూడా అంతే సార్. కౌంటు ఎంత అన్నది తర్వాత. పట్టినప్పటి నుంచి ఐసులో ఎంతసేపు ఉంది, బండి ఎక్కడ ఆగింది అన్నదే కొనేవాడు చూస్తాడు" అన్నారు. నేను అంత బాగా చెప్పలేకపోయేవాడిని. ఆ రోజు ముగ్గురూ సంతకం చేసిన కాగితంలో మూడు విషయాలున్నాయి: డెబ్బై ఐదు దాకా దాత వయసు తమకు అభ్యంతరం కాదు, కొవ్వు 30 శాతం మించితే వద్దు, చివరి మాట ఆపరేషన్ బృందానిది.

మొదటి పిలుపు

జాబితాలో చేరిన నాలుగో నెలలో ఎనిమిదో సెగ్మెంట్‌లో 1.8 సెంటీమీటర్ల కొత్త గడ్డ కనిపించింది. మిలాన్ లోపలే, కానీ ఒకటి రెండయింది. అంతలోనే మొదటి పిలుపు వచ్చింది. దాతకు 44 ఏళ్లు, హైవే మీద ప్రమాదం. 98 కిలోల బరువు. రక్తంలో సోడియం 168, ఉండవలసినదాని కంటే చాలా ఎక్కువ. మరో ఊరి నుంచి తేవాలి, మంచు సమయం ఎనిమిది గంటలు దాటేలా ఉంది. కాలేయాన్ని చూసిన బృందం అంచులు మొద్దుబారాయని, రంగు పసుపు తిరిగిందని చెప్పింది. వెంటనే చేసిన బయాప్సీలో పెద్ద బిందువుల కొవ్వు 50 శాతం. వద్దన్నారు.

కొడుకు నాకు ఫోన్ చేసి కోప్పడ్డాడు. "డెబ్బై ఐదైనా ఫరవాలేదని మా చేత సంతకం పెట్టించుకుని, నలభై నాలుగేళ్లవాడిది వద్దంటారా?" అన్నాడు. అతని స్థానంలో ఉంటే నేనూ అదే అడిగేవాడిని. 30 నుంచి 60 శాతం కొవ్వున్న కాలేయాలను కొన్ని కేంద్రాలు కొన్ని సందర్భాల్లో వాడతాయి, అదీ మంచు సమయం బాగా తక్కువైతే. ఇక్కడ కొవ్వు, సోడియం, దూరం మూడూ ఒకదాని మీద ఒకటి పడ్డాయి. కొత్త కాలేయం మొదటి వారంలోనే పని చేయకపోతే మళ్లీ ఇంకో కాలేయం వెతకాలి. మన దగ్గర అది దాదాపు దొరకని పని. వయసు తక్కువన్న ఒక్క గుణం మిగతా మూడింటినీ కప్పలేదు. యూరప్‌లో ఇలాంటి కాలేయాలను యంత్రంలో పెట్టి, రక్తం పారించి, పని చేస్తుందో లేదో చూసి నిర్ణయిస్తున్నారు. 2018లో వెలువడిన ట్రయల్‌లో ఆ పద్ధతి వల్ల పారవేయవలసి వచ్చిన కాలేయాలు సగానికి తగ్గాయి. మా రోగి నమోదైన కేంద్రంలో అప్పటికి ఆ యంత్రం లేదు.

రెండో పిలుపు

ఏడు వారాల తర్వాత రెండో పిలుపు. దాత 72 ఏళ్ల మహిళ. మెదడులో రక్తస్రావం, వెంటిలేటర్ మీద రెండు రోజులు. బరువు 52 కిలోలు. షుగర్ లేదు, హెచ్‌బీఏ1సీ మామూలు. హెపటైటిస్ బీ, సీ లేవు. ఎంజైములు మామూలు, సోడియం 146. దాత ఉన్న ఆసుపత్రీ మార్పిడి కేంద్రమూ ఒకే నగరంలో.

అప్పటికి మన రోగి కొంత క్షీణించారు. బిలిరుబిన్ 3.1, ఐఎన్ఆర్ 1.8, క్రియాటినిన్ 1.2, మెల్డ్ 19. సర్జన్‌తో ఫోన్‌లో మాట్లాడినప్పుడు మేం చూసిన లెక్క ఒకటి ఉంది. 2009 నుంచి వాడుకలో ఉన్న ఈ లెక్కలో దాత వయసును గ్రహీత మెల్డ్‌తో గుణిస్తారు. 1,600 దాటితే ఫలితాలు చెడతాయి. 72ను 19తో గుణిస్తే 1,368. ఇదే కాలేయం మెల్డ్ 30 ఉన్న మనిషికి పెడితే 2,160. ఇలాంటి గుణకారాల మీద నాకు గుడ్డి నమ్మకం లేదు, ఎందుకంటే దీనిలోనూ కొవ్వు లేదు, మంచు సమయం లేదు. అయినా పెద్ద వయసు కాలేయం అందరిలోకీ ఎక్కువ జబ్బుతో ఉన్నవాడికి కాదు, ఒక మోస్తరుగా నిలబడి ఉన్నవాడికి వెళ్లాలన్న అసలు విషయాన్ని అది సూటిగా చెబుతుంది. ఐసీయూలో చావుబతుకుల మధ్య ఉన్న మనిషికి మొదటి మూడు రోజుల్లోనే గట్టిగా పని చేసే కాలేయం కావాలి. డెబ్బై రెండేళ్ల కాలేయం అందుకోవచ్చు, కానీ నెమ్మదిగా.

మన రోగిలో ఇంకో రెండు అనుకూలాలున్నాయి. పేగుల నుంచి కాలేయానికి రక్తం తెచ్చే పోర్టల్ సిరలో రక్తం గడ్డకట్టి లేదు. పొట్టకు ముందెప్పుడూ ఆపరేషన్ జరగలేదు. అంటే పాత కాలేయాన్ని తీయడంలో అనుకోని జాప్యం ఉండే అవకాశం తక్కువ, కొత్తది మంచులో ఎక్కువసేపు ఎదురుచూడనక్కరలేదు.

కావలి నుంచి కారులో బయలుదేరారు. ఒంగోలు దాటుతుండగా దాత ఆపరేషన్ గది నుంచి కబురు వచ్చింది: కాలేయం గోధుమ రంగులో, చిన్నగా ఉంది, కానీ మెత్తగా, అంచులు పదునుగా ఉన్నాయి. బృహద్ధమని మొదట్లో సున్నం చేతికి తగిలింది. కాలేయ ధమని మాత్రం మెత్తగానే ఉంది. బయాప్సీలో కొవ్వు 5 శాతం, మచ్చ కట్టడం లేదు. దాని మీద ఖాయం చేశారు. ధమని గట్టిగా ఉండి ఉంటే కొవ్వు లేకపోయినా సర్జన్ వద్దనేవారు. అదీ ముందే అనుకున్న షరతే. దాత నుంచి కాలేయం తీసే సమయానికి రోగి ఆపరేషన్ బల్ల మీద ఉన్నారు. మంచు సమయం 5 గంటల 20 నిమిషాలు.

ఆపరేషన్ తర్వాత

మొదటి రోజు కాలేయ ఎంజైము ఏఎస్‌టీ 1,640కి వెళ్లి, తర్వాత ప్రతిరోజూ తగ్గింది. బిలిరుబిన్ ఆరో రోజున 8.2కి ఎక్కి, ఏడో రోజున 6.9కి దిగింది. కొత్త కాలేయం తొలి వారంలో తడబడిందని చెప్పడానికి వాడే హద్దులు మూడు: ఏడో రోజున బిలిరుబిన్ 10, ఐఎన్ఆర్ 1.6, లేదా ఆ వారంలో ఎంజైములు 2,000 దాటడం. దేన్నీ దాటలేదు. కానీ వేగమూ లేదు. బిలిరుబిన్ రెండు కంటే దిగడానికి మూడో వారం వచ్చింది. ఇది ముందే చెప్పి ఉంచడం వల్ల కుటుంబం కంగారు పడలేదు. రక్త ప్రవాహాన్ని చూపే డాప్లర్ స్కాన్‌తో రోజూ ధమనిని చూశారు. ప్లేట్‌లెట్లు 50,000 దాటాక తక్కువ మోతాదు ఆస్పిరిన్ మొదలుపెట్టారు. కొత్త కాలేయాన్ని ఒళ్లు తిరస్కరించకుండా టాక్రోలిమస్, మైకోఫినోలేట్, తగ్గిస్తూ వచ్చిన స్టెరాయిడ్ ఇచ్చారు. ఒక నెల దాటాక, క్యాన్సర్ ఉన్న మనిషి కావడం, క్రియాటినిన్ 1.6కి చేరడం చూసి అలాంటిదే మరో మందు ఎవరోలిమస్ కలిపి, మూత్రపిండాల మీద భారం వేసే టాక్రోలిమస్ తగ్గించారు. క్రియాటినిన్ 1.2కి దిగింది. తీసేసిన కాలేయంలో రెండు గడ్డలూ ఉన్నాయి. సూక్ష్మ రక్తనాళాల్లోకి పాకలేదు.

ఖర్చు ఇరవై లక్షలు దాటింది. ముఖ్యమంత్రి సహాయ నిధికి పెట్టిన దరఖాస్తు కొంత ఆదుకుంది, మిగిలింది ఒక చెరువు లీజు అమ్మి కట్టారు.

దాత కుటుంబాన్ని కలిసి దండం పెట్టుకోవాలని ఆయన భార్య పట్టుబట్టారు. వివరాలు ఇవ్వరు, ఇవ్వకూడదు. పేరు చెప్పకుండా కృతజ్ఞత తెలిపే మార్గం సమన్వయకర్త ద్వారానే అని చెబితే అర్థం చేసుకున్నారు.

మా దగ్గరికి తిరిగి వచ్చాక ఎక్కువ సమయం పట్టిన విషయం చెరువు. రోగనిరోధక శక్తిని తగ్గించే మందులు వాడుతూ, షుగర్ ఉన్న మనిషి కాలి పగుళ్లతో బురదలో, ఉప్పునీటిలో దిగడం ప్రమాదం. మట్టిలో, నిలవనీటిలో ఉండే సూక్ష్మజీవి వల్ల మెలియాయిడోసిస్ అనే తీవ్రమైన ఇన్‌ఫెక్షన్ రావచ్చు. ఉప్పునీటిలోని విబ్రియో అనే బ్యాక్టీరియా గాయం గుండా చేరితే గంటల్లో ప్రాణం మీదికి వస్తుంది. మొదటి ఏడాది గట్టు మీదే ఉండమన్నాను. ఆ తర్వాత దిగినా మోకాలి బూట్లు, చేతి తొడుగులు వేసుకునే దిగాలని, చర్మం మీద చిన్న గీత ఉంటే అవి వేసుకుని కూడా దిగవద్దని చెప్పాను. ఉడకని రొయ్య, పీత నోట పెట్టవద్దన్నాను. రొయ్యల రైతుకు ఈ మాట చెప్పడం మద్యం మానమని చెప్పడం కంటే కష్టం.

అయిదో నెలలో దురద, పచ్చటి మూత్రంతో వచ్చారు. బిలిరుబిన్ 4.1, ఆల్కలైన్ ఫాస్ఫటేజ్ 480. పిత్తనాళాలను చూపే ఎమ్మార్సీపీ స్కాన్‌లో, పిత్తనాళం కుట్టిన చోట ఇరుకైందని తేలింది. కొడుకు మళ్లీ, "ఇది ముసలి లివర్ వల్లేనా?" అన్నాడు. దీనికి సమాధానం ఇరుకు ఎక్కడ ఉందన్న దాని మీద ఉంటుంది. కాలేయం లోపలి నాళాలు చాలాచోట్ల ఇరుకైతే అది రక్తం అందక, మంచు దెబ్బతో వచ్చినది. అప్పుడు దాత వయసును వేలెత్తి చూపవచ్చు, మళ్లీ మార్పిడి దాకా కూడా వెళ్లవచ్చు. కుట్టు దగ్గర ఒకే చోట ఇరుకైతే అది ఇరవై ఏళ్ల దాత కాలేయంలోనూ వస్తుంది, స్టెంట్లతో చాలామందిలో సరిపోతుంది. ఈయనది రెండోది. ఈఆర్‌సీపీ (నోటి గుండా ఎండోస్కోప్ పంపి పిత్తనాళాన్ని చేరే పద్ధతి) చేసి స్టెంట్లు పెట్టి, మూడు నెలలకోసారి మారుస్తూ ఏడాదికి తీసేశాం. వయసుకు ఇందులో కొంచెమైనా పాత్ర లేదని ఖండించి చెప్పలేను. లోపలి నాళాలు నిక్షేపంగా ఉండటం మాత్రం ఆ అయిదు గంటల ఇరవై నిమిషాల చలవే అని నా నమ్మకం.

ఐసీయూల గురించి ఒక మాట

ఈ కేసు చర్చకు వచ్చినప్పుడల్లా నా ఆలోచన గ్రహీత మీద నుంచి దాత మీదికి వెళుతుంది. నెల్లూరు, ఒంగోలు ఐసీయూల్లో మెదడు రక్తస్రావంతో వచ్చే అరవై, డెబ్బై ఏళ్ల వారు తక్కువేమీ కాదు. వారిలో కొందరు జీవన్మృతి (బ్రెయిన్ డెడ్) స్థితికి చేరుతారు. చట్టం ప్రకారం నలుగురు వైద్యుల బృందం, కనీసం ఆరు గంటల తేడాతో రెండుసార్లు పరీక్షించి నిర్ధారించాలి. ఆ పరీక్ష మొదలే కాని సందర్భాలు ఎక్కువ. "ఈ వయసులో ఏ అవయవం పనికొస్తుంది" అన్న మాట సమన్వయకర్తకు ఫోన్ చేయకముందే గదిలో ఎవరో ఒకరు అనేస్తారు. అనేది సాధారణంగా వైద్యులే, బంధువులు కాదు. ఎనభై ఏళ్ల నానమ్మ పోతే నేత్రదానానికి ఫోన్ చేసే కుటుంబాలు మన పల్లెల్లోనే ఉన్నాయి. కంటి పొరకు వయసు అడ్డు కాదని వాళ్లకు తెలుసు. కాలేయం విషయంలో ఆ మాట వాళ్లకు చెప్పేవాళ్లు లేరు. ఏ కాలేయం వాడాలి, ఏది వద్దు అన్నది మార్పిడి బృందం బయాప్సీ చూసి తేల్చుకుంటుంది. ఐసీయూ వైద్యుడు చేయవలసింది వయసు చూసి ముందే కొట్టివేయకుండా కబురు పంపడం.

గ్రహీతల వైపు కూడా ఇలాంటి గీత ఒకటి ఉండేది. మరణానంతర అవయవం కోసం నమోదుకు 65 ఏళ్ల హద్దును కేంద్రం 2023లో తొలగించింది. ఇక డెబ్బై ఏళ్ల గ్రహీతలు కూడా మా ఓపీకి వస్తారు. వారికి ఏ వయసు దాతను జత చేయాలన్న ప్రశ్నకు నా దగ్గర ఒక మొగ్గు ఉంది: కొవ్వు లేని పెద్ద వయసు కాలేయాన్ని, మెల్డ్ తక్కువగా ఉన్న పెద్ద వయసు గ్రహీతకు మొదట చూపాలి. దీన్ని నియమంగా రాయడానికి మాత్రం ఒప్పుకోను. పాతికేళ్ల యువతికి ఇంకే దారీ లేనప్పుడు ఆ నియమం ఆమెకు అడ్డు కాకూడదు.

ఇప్పటి స్థితి

ఆపరేషన్ అయి రెండేళ్లు దాటింది. బిలిరుబిన్ 0.8, ఎంజైములు మామూలు. కొత్త కాలేయం గట్టిదనం 5.8 కిలోపాస్కల్స్. సీటీలో క్యాన్సర్ తిరిగి రాలేదు. షుగర్ మునుపటి కంటే మొండిగా ఉంది, ఇన్సులిన్ పెంచాం. బరువు మళ్లీ 80 దాటడం నాకు ఇష్టం లేదు. పాత కాలేయాన్ని పాడు చేసిన కొవ్వు కొత్తదానిలోనూ చేరగలదు. అన్నగారు కూడా మా ఓపీకే వస్తున్నారు, ఏడు కిలోలు తగ్గారు, ఆయన అంకె 9.2 నుంచి 7.4కి దిగింది. తమ్ముడికి వచ్చే నెలలో సీటీ, ఆల్ఫా ఫీటోప్రోటీన్ ఉన్నాయి. మూత్రంలో ప్రొటీన్ కొంచెం కనిపిస్తోంది కాబట్టి, ఎవరోలిమస్ మోతాదు తగ్గించాలా వద్దా అన్నది ఆ ఫలితాలు చూశాక కేంద్రంతో మాట్లాడి నిర్ణయిస్తాం.